క్యారేజీ మూత

మంగతాయారు సంచిలో పెట్టుకున్నవి రెండు చీరలు, ఒక తువ్వాలు, మోకాలికి రాసుకునే నూనె. కొండ మీది నిలయానికి మూడు రోజుల దాటింపుకు అంతకన్నా ఏం కావాలి? కానీ తమ్ముడు భూషణం ఆ సంచి లాక్కుని అన్నీ బయటికి తీసి మళ్ళీ మొదటినుంచి సర్దుతున్నాడు.

"కొండ మీద చలేస్తదక్కా. శాలువా పెడతన్నాను."

"మూడ్రోజులకి శాలువా ఏంట్రా? పోయినసారి నువ్వు బనీనుతో ఎళ్ళి బనీనుతోనే వచ్చేవు."

"నాది కుర్రరక్తం."

"ఆ, నెత్తి మీద జుట్టు చూస్తే తెలుస్తానే ఉంది ఎంత కుర్రో."

భూషణం నవ్వాడు. అయితే సంచికి, ఆమెకు మధ్య వీపు అడ్డం పెట్టి నవ్వాడు. చివరికి సంచిని బల్లకేసి తట్టాడు. లోపల ఇనుము మోగింది.

"మూత పెట్టేను. ఇన్నావా?"

ఉప్పాడ తీర నిలయంలో ఆ అలవాటు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. కొండకు వెళ్ళేవారు, కింద ఉండేవారి అన్నం క్యారేజీ మూత వెంట తీసుకుపోవాలి. మూత తిరిగొచ్చేదాకా ఉండేవారు మూతలేని గిన్నెల్లోనే తినాలి. "ఈగలు వాలతన్నాయి, బేగి రా" అని ఉండేవారు ఫోనులో వెళ్ళేవారిని సతాయిస్తారు. జలధరం కంపెనీ నిబంధనల్లో ఈ ముక్క ఎక్కడా లేదు. అయినా ఇన్నేళ్ళలో ఒక్కరూ దాన్ని తప్పలేదు.

మైకులో మరోసారి ప్రకటన వచ్చింది. ఇది అభ్యాస దాటింపు మాత్రమే, వెళ్ళేవారు బస్సు ఎక్కాలి, ఉండేవారు పంపుల దగ్గరికి పోవాలి. బయట గోడకు అవతల సముద్రం నిలయం నేలకన్నా ఎత్తులో ఉంది. అది ఎప్పుడూ ఉండేదే. ఆకాశం మాత్రం బురదనీళ్ళ రంగులో ఉంది.

"నాగుల చవితి పూటా ఈ అభ్యాసాలేంటో" అంది మంగతాయారు బస్సు మెట్టు మీద. "ఆ పంపుల గదిలో తడికాళ్ళతో తిరక్కు. చలివిడి అలమరలో ఉంది."

"ఎళ్ళక్కా తల్లీ, బస్సు కదుల్తాంది."

అతను చెయ్యి ఊపలేదు. ఆమెకు అది దారి పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

తీరం పొడుగునా ఉన్న బియ్యం మిల్లులు, రొయ్యల గిడ్డంగులు, రేవు క్రేన్లు, చేపల వేలాలు, అన్నిటి లెక్కలూ ఆజ్ఞలూ జలధరం యంత్రాల్లోనే నడుస్తాయి, వాటి ఊపిరి అదే. తుఫాను పుడితే ఆ ఊపిరిని మారేడుమిల్లి కొండ మీది నీడ నిలయానికి మళ్ళిస్తారు. సముద్రం చల్లబడ్డాక మళ్ళీ కిందికి దించుతారు. కానీ రెండు నిలయాలూ ఒకేసారి మేలుకుని ఉండకూడదు. ఒకే కొట్టులో ఇద్దరు యజమానులు కూర్చుని ఒకే బస్తాను ఇద్దరికి అమ్మినట్టవుతుంది. అందుకని కొండ లేచేముందు తీరాన్ని కట్టేయాలి. కట్టు పడితే తీర నిలయానికి నీటితలుపులు దిగుతాయి. పంపులు ఆగిపోతాయి. లోపల ఎవరైనా ఉంటే ఉండిపోవడమే.

లోపల మనిషి లేడని యంత్రం చెబితే చట్టం ఒప్పుకోదు. తుఫానుల్లో యంత్రాలు చాలాసార్లు తప్పు చెప్పాయి. అందుకే జంటలు. అక్కాతమ్ముళ్ళు, మొగుడూపెళ్ళాలు, తల్లీకూతుళ్ళు. ఒకరు కొండ మీద తాళం దగ్గర, ఒకరు తీరంలో. కిందివారి గొంతు "బయటే ఉన్నాను" అంటే పైవారి చెయ్యి తాళం తిప్పుతుంది. వంతులవారీగా వచ్చే ఉప్పాడ తాళం ఈసారి మంగతాయారుది. ఆమె చెయ్యి తప్ప వేరే చెయ్యి పెడితే అది తిరగదు. సొంత రక్తానికి ఎవరూ అబద్ధం చెప్పరని కంపెనీ నమ్మకం.

ఉండేవాళ్ళు మాత్రం ప్రతిసారీ అబద్ధమే చెబుతారు. అభ్యాసంలో కట్టు ఉత్తుత్తిది, తలుపులు దిగవు. వానలో గట్టు మీద నిలబడ్డం ఎందుకని అందరూ పంపుల గదిలోనే టీ తాగుతూ "బయటే ఉన్నాం" అంటారు. పని త్వరగా తెములుతుంది. పైవాళ్ళకూ తెలుసు, అధికారులకూ తెలుసు. ఎవరూ ఏమీ అనరు.

కొండ మీద వసతి గదిలో అడుగుపెట్టగానే మంగతాయారు తన అలమర ముందు ఆగిపోయింది. ఎప్పుడూ మంచాల దగ్గర అలమరల మీద సుద్దముక్కతో పేర్లు రాసి, వెళ్ళేటప్పుడు తుడిచేసేవారు. ఇవాళ ఆమె పేరు రంగుతో రాసి ఉంది. ముట్టుకుంటే వేలికి అంటింది.

కిటికీలోంచి చూస్తే డ్రైవరు బస్సు కడుగుతున్నాడు.

"మళ్ళీ కిందికి ఎప్పుడు బాబూ?"

"కిందికాండీ? బళ్ళన్నీ ఇక్కడే ఉంచెయ్యమన్నారండి."

ఆమె మంచం మీద సంచి బోర్లించింది. శాలువా పడింది. అమ్మ ఫొటో పడింది, గోడ మేకుతో సహా ఊడబెరికినట్టు వెనక సున్నం అంటుకుని ఉంది. తర్వాత క్యారేజీ పడింది. మూత ఒక్కటే కాదు. మూడు గిన్నెలూ, పైన మూతా, పక్కన కొక్కేలూ, మొత్తం క్యారేజీ. గిన్నెలు శుభ్రంగా తోమి, తడి లేకుండా తుడిచి ఉన్నాయి.

మూత తిరిగి వస్తుందని వాడు అనుకోవడం లేదు.

ఆమె క్యారేజీ చేత్తో పట్టుకునే తాళం గదికి పరిగెత్తింది. పర్యవేక్షకుడు కౌండిన్య తెరల ముందు నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలోది చూసి తల దించుకున్నాడు.

"ఇది అభ్యాసం కాదు కదండీ?"

"కాదమ్మా. గోడ ఈ సాయంత్రం దాకా నిలబడదు. తుఫానని ప్రకటిస్తే చట్టప్రకారం నిలయం ఖాళీ చెయ్యాలి. పంపులు వేసేవాళ్ళు లేకపోతే, లెక్కలన్నీ దాచిన జ్ఞాపక పలకలు సగం అక్కడే మునుగుతాయి. అందుకని..."

"మళ్ళీ కిందికి దించేది లేదా?"

"ఉప్పాడ ఇక లేదు. కొండ మీద జంటకు ఒక్క చోటే. ఎవరు రావాలో ఉండేవారినే అడిగాం. మీ తమ్ముడుగారే మీ పేరు చెప్పారు."

మంగతాయారు కూర్చుని తీరం మీట నొక్కింది.

"అక్కా! బయటే ఉన్నాను. తిప్పెయ్."

అతని వెనక సముద్రం హోరు లేదు. పంపు కొట్టుకుంటోంది, దబ్, దబ్, దబ్.

"క్యారేజీ విప్పేన్రా."

పంపు చప్పుడు కాస్త దూరమైంది, అతను పక్కకు జరిగినట్టున్నాడు.

"నీకు మోకాళ్ళ నొప్పులు కదా" అన్నాడు భూషణం. "నీళ్ళొస్తే ఇక్కడి మెట్లు ఎక్కలేవని..."

"నన్నడిగేవా? నాకో ముక్క చెప్పేవా? వీళ్ళంటే పరాయోళ్ళు. నువ్వు కూడా నన్ను మోసం చేసేవు కదరా!"

"అరవకే. మాకేటీ కాదు. కట్టు పడ్డాక ఈతబండి వస్తదంట, అందర్నీ పిఠాపురం శిబిరానికి తీసుకుపోతారంట. ఇక్కడందరం సామాన్లు సర్దుకునే కూచున్నాం."

"కట్టు పడితే తలుపులు దిగుతాయిరా! ఇది ఉత్తుత్తిది కాదు. మీరు లోపల కూచుని బయటున్నాం అంటారు, నేను తిప్పుతాను. నా చేత్తో!"

"మేం బండి ఎక్కేకే తలుపులు దింపుతామన్నారే" అన్నాడు భూషణం. ఈసారీ అవి కట్టుతోనే దిగుతాయని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆమె తెర వైపు చూసింది. జలధరం ఈతబళ్ళు నీళ్ళలోనూ నేల మీదా పోగలవు. పచ్చచుక్కల్లా అవన్నీ బారుగా కొండ ఎక్కుతున్నాయి. ప్రతిదాని పక్కనా పలకలు, పలకలు అని రాసుంది.

"కిందికి ఒక్కటైనా వెళ్తోందాండీ?"

కౌండిన్య తాళం వైపు చెయ్యి చూపించాడు. "తిప్పండమ్మా. దాటింపు కోసం తీరమంతా ఆపి ఉంచాం" అన్నాడు మెల్లిగా.

మంగతాయారు తాళంలో ఉన్న చెవిని ఊడదీసి క్యారేజీ పైగిన్నెలో వేసింది. మూత పెట్టింది. రెండు కొక్కేలూ బిగించి ఒళ్ళో పెట్టుకుంది.

"గొంతు వింటే చాలదండి ఇక. మనిషి ఈ కొండ మెట్లెక్కి వచ్చి నా కళ్ళకు కనబడాలి. ఒక్కొక్కళ్ళూ. అప్పుడే మూత తీస్తాను."

"అలాంటి నిబంధన లేదు."

"మూతకీ లేదండి."

తీరం నిద్రపోలేదు, కొండ మేలుకోలేదు. రేవులో క్రేన్లు పెట్టెలను గాలిలో వేలాడదీసి ఆగిపోయాయి. చేపల వేలంలో చివరి పాట తెర మీద అలాగే నిలిచిపోయింది. మిల్లుల గేట్లు తెరుచుకోవు, మూసుకోవు. ఫోన్లు మోగాయి. ముందు అరిచారు, తర్వాత బతిమాలారు. కౌండిన్య ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె క్యారేజీని చంటిపిల్లలా గుండెకు అదుముకుంది. చెయ్యి లాగినా లాభం లేదని అతనికి తెలుసు. ఇష్టంలేని చేతికి ఆ తాళం తిరగదు.

మధ్యాహ్నానికి ఈతబళ్ళు దారి పక్కన పలకలు కుమ్మరించి వెనక్కి తిరిగాయి.

సాయంత్రం ఉండేవాళ్ళు వచ్చారు. నడుముదాకా బురద, చేతుల్లో మూతల్లేని క్యారేజీలు. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఎదురెళ్ళారు. ఎవరి మూత వారి గిన్నెకు పెడుతుంటే, ఏడుపుల మధ్య ఆ చిన్న చప్పుడే వినిపించింది. మంగతాయారు చివరి బండి దాకా చూసింది. అందులోంచి పంపుల గది వీరరాఘవులు ఒక్కడే దిగాడు.

"మా వాడేడీ?"

"బండి నిండిపోయిందమ్మా, చీకట్లు ముసురుకుంటన్నాయి. పంపు ఆగితే మేం ఎక్కే మెట్లు మునుగుతాయని ఆడు అక్కడే నిలబడ్డాడు. మేం కేకేసేం. ముందు బండి ఎక్కేశాను, బయటే ఉన్నాను, మీరెళ్ళండి అని అరిచేడు. నమ్మేమమ్మా. గొంతు ఆడిదే కదా."

కౌండిన్య ఆమె దగ్గరికి వచ్చాడు. అందరూ వచ్చినట్టేనా, ఇక తిప్పుతారా అని అడిగాడు. ఆమె క్యారేజీ కొక్కెం మీంచి చెయ్యి తియ్యలేదు. అతని వెనక పెద్ద తెర మీద ఒకే వాక్యం వెలుగుతోంది: ఉప్పాడ జవాబు కోసం ఎదురుచూస్తున్నాము.

అక్కడినుంచి మిగతా అందరూ తిరిగి వచ్చారు. భూషణం రాలేదు. అది నాగుల చవితి, మంగళవారం సాయంత్రం.