వెనక్కిచ్చిన తాంబూలం

హనుమంతయ్య మీద గౌరమ్మకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన జీవితంలో ఏనాడూ తప్పు చేయలేదు. ఇడ్లీ గట్టిగా వస్తే తప్పు పిండిది. గొడుగు మరిచిపోయి తడిస్తే తప్పు వానది. ఆండర్సన్‌పేటలో బియ్యం అంగడి నడిపే మనిషి ఇంత నిర్దోషిగా ఎలా మిగిలాడో పెళ్లైన నాటి నుంచీ ఆమెకు అంతుబట్టలేదు.

ఆ ఉదయం ఆయన కాఫీని ముందు పెట్టుకుని చల్లారబెడుతుంటే, ఈసారి తప్పు కాఫీది కాదని మాత్రం ఆమెకు తెలిసిపోయింది.

"లాయరు ఏమన్నాడండీ?"

"ఆ జర్మనీ ఆయన కొనేదానికి లేదంట. ఏదో కొన్ని నెలల వీసా మీద వచ్చినాడు, ఈడ కాపురముండే మనిషి కాదు. అట్లాంటి విదేశీయులు ఇండ్లు కొనకూడదని సర్కారు రూలు ఉండాదంట. కావాలంటే బాడుగకు ఇచ్చుకో అన్నాడు."

గౌరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. పక్కనున్న పాత పెంకుటిల్లు కూడా వాళ్లదే. దాన్ని సొంత చెల్లెలు వినుతకు అమ్ముతానని హనుమంతయ్య తాంబూలం పుచ్చుకున్నాడు. అంతలో దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికొచ్చిన జర్మనీ ఇంజనీరు ఆ ఇంటిని చూసి ముచ్చటపడి, ఎక్కువ ధర చెప్పాడు. తాంబూలం చెల్లెలి చేతికే తిరిగి వెళ్లింది. అప్పటి నుంచి వినుత ఉండే బంగారుపేట నుంచి ఫోన్ లేదు, "వదినా" అనే పిలుపూ లేదు.

"ఇంగ వినుతకే ఇచ్చేద్దాం."

"తొందరేముంది. బ్రోకరు నందీశ్ ఒక దావ చెప్పినాడు. ఇల్లు నీ పేరుకు మారుస్తాం. దుడ్డు జర్మనీ ఆయనిస్తాడు, ఉండేది ఆయన. కాగితంలో మాత్రం నువ్వు."

"రూలుకు గంతలు కట్టేదానికి నా సంతకమా?"

"ఊరంతా చేసేదే కదా."

"పోలీసులొస్తే తప్పు నా సంతకానిదే అంటారు, నాకు తెలుసు." చేతిలో గ్లాసును ఠక్కున కింద పెట్టింది. "నేను చేయను. పోయినేడు నా కాలు విరిగినప్పుడు వచ్చి నీళ్లు పోసింది ఎవరండీ? జర్మనీ ఆయనా?"

హనుమంతయ్య చల్లారిన కాఫీని పక్కకు జరిపాడు. తర్వాత లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"యాడికి?"

"బంగారుపేటకు. నువ్వూ రా."

బస్సులో ఆయన తనలో తాను ఏదో వల్లెవేసుకుంటూనే ఉన్నాడు. గౌరమ్మ ఒళ్లో సంచిలో తమలపాకులు వాడిపోతున్నాయి. ఆ పిల్ల ఇంకో ఇల్లు చూసుకుని ఉంటే? అసలు తలుపే తీయకపోతే?

తలుపు తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. హనుమంతయ్య పళ్లెంలో ఆకులు, వక్కలు పెట్టి ముందుకు జరిపాడు.

"ఈ తాంబూలానికి ఆయుస్సు ఎంతన్నా?" అంది వినుత. "ఇంగ జపాన్ ఆయన వచ్చేదాకానా?"

గౌరమ్మకు నవ్వొచ్చింది, మరుక్షణం భయమేసింది.

"అది కాదమ్మా, ఆ నందీశ్ ఉండాడే..." అంటూ భార్య వైపు చూశాడాయన. గౌరమ్మ తమలపాకుల మీద నుంచి చూపు ఎత్తలేదు. "సర్కారు రూలు..." అన్నాడు మళ్లీ. ఆ మాటా సగంలోనే ఆగిపోయింది.

వినుత కళ్లు నిండాయి. "ఆ రూలు అడ్డం రాకుంటే, నువ్వు ఈ గడప తొక్కేవాడివా అన్నా?"

నిందను మోపడానికి ఆ గదిలో ఇంకెవరూ దొరకలేదు. హనుమంతయ్య తల వంచుకున్నాడు.

"లేదమ్మా, వచ్చుండను. తప్పు నాదే."