మొన తేలిన నక్షత్రాలు

పెద్దావిడ తలుపు కూడా తట్టకుండా డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చేసింది. చేతిలో రెండు కాగితం సంచులు ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బాబూ, నా మనవరాలికి నేనేమీ పెట్టలేదని మీరే తేల్చాలి" అని బావురుమంది.

టైపిస్టు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పాతికేళ్ళు ఆఫీసుల్లో టైపు కొట్టి, రిటైరయ్యాక ఈ డిటెక్టివ్ దగ్గర చేరింది ఆవిడ. ఆయన తుమ్మినా రాసుకుంటుందని ఆవిడ చెల్లెలు ఎగతాళి చేస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు.

మనవరాలికి ఏడేళ్ళు. పల్లీలు పడవు. రవ్వంత తగిలినా గొంతు వాచి ఊపిరాడదు. సెలవులొస్తే ఊళ్ళో పిల్లలందరికీ మిఠాయిలు, ఈ పిల్లకి మాత్రం బిస్కెట్లు. వెతగ్గా వెతగ్గా, పల్లీలు తగలనివ్వకుండా విడిగా జెల్లీ బిళ్ళలు చేసే దుకాణం ఒకటి దొరికింది. పోయిన వారం తెచ్చిన సంచీలోవి పిల్ల లొట్టలేసుకుంటూ తింది. నిన్న రెండో సంచీ తెచ్చారు. మూడో బిళ్ళ నోట్లో ఉండగానే పెదాలు వాచాయి. అప్పుడు పిల్ల దగ్గర ఉన్నది ఈవిడొక్కతే. ఆస్పత్రిలో గండం గడిచింది.

"మరి మిమ్మల్నెందుకు అనుమానించారు?" అన్నాడు డిటెక్టివ్.

"నా నోరే నా కొంప ముంచింది బాబూ. నాలుగు పల్లీలు అలవాటు చేస్తే అదే సర్దుకుంటుందని రెండేళ్ళ కిందట అన్నాను. మా కోడలు ఆ మాట మర్చిపోలేదు. ఈ సెలవులు పది రోజులూ పిల్ల నా దగ్గరే ఉండాలి. ఇప్పుడు గంటసేపు కూడా వదలనంటోంది."

"పెట్టారా?"

"దాని మీద ఒట్టు!"

డిటెక్టివ్ రెండు సంచుల్లోంచి చెరో ఎర్ర నక్షత్రం తీసి తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టాడు. టైపిస్టు వంగి చూసింది. పాత సంచీలోని నక్షత్రానికి మొనలు మొద్దుగా ఉన్నాయి. కొత్తదానికి అయిదు మొనలూ తేలి, చూడముచ్చటగా ఉంది.

"కొత్తదే బాగుంది సార్."

"అవును. అదే నాకు నచ్చలేదు" అన్నాడాయన. టైపిస్టుకి ముక్క అర్థం కాలేదు. అయినా రాసుకుంది.

దుకాణం వెనక పనిగదిలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. యజమానురాలు పడుచు మనిషి. పల్లీ తగలకూడని గిన్నెలకీ గరిటెలకీ ట్రేలకీ ఎర్ర రంగు పూయించింది.

"పల్లీ జెల్లీలు సోమ, మంగళవారాలే చేస్తామండీ. బుధవారం అన్నీ మరిగే నీళ్ళతో కడిగి, అప్పుడు ఇవి మొదలుపెడతాం. ఈ పిండి కూడా పోయిన వారం కొత్త బస్తా విప్పిందే."

ట్రేల నిండా మొక్కజొన్న పిండి పరిచి ఉంది. అందులో నక్షత్రం అచ్చు నొక్కుతారు. ఆ గుంటల్లో వేడి పాకం పోస్తే మర్నాటికి బిళ్ళలు గట్టిపడతాయి. అప్పుడు పిండి దులిపేస్తారు. ఈ పనంతా యజమానురాలి బాబాయి చూస్తాడు. నలభై ఏళ్ళ అనుభవం. ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది.

డిటెక్టివ్ బస్తాలోకి తొంగి చూశాడు. ముప్పాతిక వంతు నిండే ఉంది. లోపల పిండి తెల్లగా ఉంది. ట్రేల్లో పిండి కాస్త మీగడ రంగులో ఉంది. ఆయన రెండిట్లోంచీ చిటికెడు చిటికెడు తీసి పొట్లాలు కట్టించాడు.

"రేపు స్కూల్లో పిల్లలకి పంచడానికి కట్టిపెట్టిన ఆ సంచులు గుమ్మం దాటనివ్వకండి. ఇప్పటికే అమ్మినవాళ్ళకి ఫోన్లు చెయ్యండి" అన్నాడు. యజమానురాలు వెంటనే ఫోను అందుకుంది.

మర్నాడు సాయంత్రం అందరూ ఆ పనిగదిలోనే చేరారు. కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. అత్తగారి వైపు చూడలేదు.

"పిల్లకి ఎవరూ పల్లీ పెట్టలేదు" అని మొదలుపెట్టాడు డిటెక్టివ్. "ఈ గదిలో కడగాల్సినవన్నీ కడిగారు. కడగలేనిది ఒక్కటే, పిండి. నీళ్ళు తగిలితే పారెయ్యాల్సిందే. అందుకే మిఠాయి చేసేవాళ్ళు దాన్ని జల్లించి, ఆరబెట్టి, ఏళ్ళ తరబడి వాడతారు. కొత్త పిండిలో తేమ ఉంటుంది. అచ్చు సరిగ్గా నిలవదు, మొనలు మొద్దుబారతాయి. పోయిన వారం అలాగే అయింది. మరి ఈ వారం మొనలెలా తేలాయి? బస్తా చూస్తే పావు వంతే ఖాళీ, స్కూలు కోసం రెట్టింపు చేసిన ట్రేలన్నీ నిండుగా ఉన్నాయి. బస్తాలో పిండికి పరీక్ష చేయించాను, ఏమీ లేదు. ట్రేల్లో పిండిలో పల్లీ ఉంది. మాస్టారూ, మిగతా పిండి ఎక్కడిది?"

మాస్టారు స్టూలు మీద కూలబడ్డాడు.

"నాదే తప్పు. నలభై ఏళ్ళలో నా చేతి మీదుగా వంకర బిళ్ళ బయటికి వెళ్ళలేదు. ఆ మొద్దు నక్షత్రాలు చూస్తే తల కొట్టేసినట్టయింది. పల్లీ జెల్లీలకి వాడే పాత పిండి సగం కలిపాను. మూడుసార్లు జల్లించాను బాబూ, ఒక్క పలుకు కనబడితే ఒట్టు!"

"పలుకు జల్లెడలో ఆగుతుంది. దాని పొడి ఆగదు."

"మిగతా పిల్లలకి అంత అందమైనవి ఇచ్చి, వీళ్ళకి మాత్రం ఇలాంటివా అనిపించింది" అన్నాడు మాస్టారు.

"నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా బాబాయ్!" అంది యజమానురాలు. కోపం ఎంతుందో ప్రేమా అంతే ఉంది ఆ గొంతులో. టైపిస్టు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఒక్క నక్షత్రం చూసి ఇంత కథ లాగిన మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు ఆవిడ గుండె ఉప్పొంగిపోయింది.

మాస్టారు లేచి పాత పిండి, ట్రేల్లో పిండి అంతా తన చేత్తోనే చెత్తడబ్బాలో పోశాడు. ఇకమీదట ఈ పిల్లల బిళ్ళలకి పిండే వద్దన్నాడు. కడుక్కోగలిగే రబ్బరు అచ్చులు తెప్పించమన్నాడు.

కోడలు అత్తగారి ముందుకొచ్చి నిలబడింది. క్షమించమనబోతే పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "పాడు మాట అన్నది నేనేగా తల్లీ. అనుమానించకపోతే నువ్వు తల్లివెలా అవుతావు?"

కోడలు చేతిసంచీలోంచి లావుపాటి పెన్నులాంటి సూదిమందు తీసింది.

"అత్తయ్యా, పొరపాటున పల్లీ తగిలి దానికి ఊపిరాడకపోతే ఈ మూత లాగేసి, తొడమీద గట్టిగా నొక్కిపట్టాలి. మూడంకెలు లెక్కపెట్టి తియ్యాలి. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి."

"నాకెందుకమ్మా ఇవన్నీ?"

"రేపట్నుంచి పది రోజులు అది మీ దగ్గరేగా."

పెద్దావిడ దాన్ని రెండు చేతులతో అందుకుంది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంకోసారి మెల్లిగా చెప్పు" అంది.