కూడలిలో నిలబడినది

అరుణపురంలో ఇప్పుడు జెండాల గురించి ఎవరూ కొట్టుకోవడం లేదు. అంగారకుడి మీద ఆ ఊరు వెలసినప్పటినుంచీ ఉన్న తగువు అది. ఒకప్పుడు ఊరిని నడిపిన కెప్టెన్ జెండా కూడలిలో ఎగరాలా వద్దా అన్న గొడవ కిందటేడు ఒక్క పూటలో తేలిపోయింది. వ్యథామాపకం అనే యంత్రం తూచింది. దాన్ని చూసి నొచ్చుకునేవాళ్లే ఎక్కువని చెప్పింది. మరమనుషులు వచ్చి జెండాను చుట్టి పట్టుకుపోయాయి. జై కొట్టినవాడు లేడు, రాయి విసిరినవాడూ లేడు.

ఆ యంత్రాన్ని తయారుచేసింది మనస్తత్వ శాస్త్రవేత్త విశారద. ఊళ్లో ప్రతివాళ్లూ చెవి వెనక ఆరోగ్యపట్టీ అతికించుకుంటారు. మనిషి ఒక విగ్రహాన్ని చూసినప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, చర్మం ఎంత చెమర్చింది, మెదడులో ఏ విద్యుత్ తరంగం లేచింది, ఇవన్నీ ఆ పట్టీ పంపుతుంది. ఆ చూపు ఊరటనిచ్చిందో, నొప్పినిచ్చిందో యంత్రం తేలుస్తుంది. నోరు ఏం చెబుతుందో దానికి అక్కర్లేదు. జనం దాన్ని తక్కెడ అంటారు. తక్కెడ తీర్పుకు అప్పీలు లేదు.

ఇవాళ కెప్టెన్ విగ్రహం వంతు.

విశారద ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఊరి గాలిని పట్టి ఉంచే గుమ్మటాల్లో మూడోది చీలింది. కెప్టెన్ తలుపు మూయించాడు. ఊరు బతికింది, తలుపు అవతల ఉన్నవాళ్లు బతకలేదు. గుమ్మటాల బయట పనికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఆయన విగ్రహం కంచు బూటు తాకి గాని ప్రాణవాయువు ముసుగు తగిలించుకోరు. ఆ రోజు విశారద పెద్దమ్మ సముద్రమ్మ తలుపు ఇవతల నిలబడి, ముందు చేతికందిన చెల్లెలి కూతురు విశారదను లోపలికి లాగింది. తన కూతురి కోసం మళ్లీ చెయ్యి చాపేసరికి తలుపు పడింది. చెయ్యి మోచేతి దాకా పోయింది. అప్పట్నుంచి రోజూ షిఫ్టు మారే వేళ, కూతురి ప్రాణవాయువు ముసుగు మెడలో వేసుకుని, విగ్రహానికి ఎదురుగా నిలబడుతుంది. ఆ బొమ్మను తీసేయాలన్నది ఒక్కటే ఆమె కోరిక.

"ఏమే, నీ తక్కెడకి నా కళ్లద్దాలేమైనా ఇమ్మంటావా? ఇంత బొమ్మ కనబడ్డం లేదా దానికి?" అంది సముద్రమ్మ.

"సాయంత్రానికి తేలిపోతుంది పెద్దమ్మా."

"తేలకపోతే నేనే పడగొడతా. ఒంటిచేత్తో పట్టే గునపం ఒకటి కనిపెట్టు, పుణ్యముంటుంది."

విశారద నవ్వింది. చూపు మాత్రం నేల మీదినుంచి లేవలేదు.

యంత్రం గదిలో ఇంజనీరు యాకోబు తెర ముందు తల గోక్కుంటున్నాడు.

"ఏదో తిరకాసుంది విశారదగారూ. కూడలిలో నొప్పి కుప్పలుగా ఉంది గానీ, విగ్రహం వల్ల కాదు. బూటు తాకేవాళ్లకి దాన్ని చూస్తే ఊరట. మిగతావాళ్లకి అదొక స్తంభం, అంతే. కూల్చెయ్యాలని నినాదాల అట్టలు పట్టుకు తిరిగేవాళ్లకి కూడా."

"మరి నొప్పి ఎక్కణ్నుంచి?"

జవాబు తక్కెడే చెప్పింది. "ఎదుటి స్మారకం నుంచి."

"అక్కడ స్మారకమేం లేదు. మా పెద్దమ్మ ఉంది."

"జనం చూడాలని, బహిరంగ స్థలంలో, పదేళ్లకు మించి ఒకే చోట నిలిచినది స్మారకం."

ఆ వాక్యం విశారదదే. ఏది స్మారకమో తేల్చలేక పురసభ నెలల తరబడి వాదించుకుంటుంటే విసుగెత్తి ఆమే రాసిచ్చింది. ప్రాణం లేనిదై ఉండాలన్న మాట చేర్చాలని ఆమెకు తోచలేదు. ఎవరికి తోస్తుంది?

"ఆవిణ్ని ప్రేమించేవాళ్లు లేరా? నన్ను తూచు."

"తూచాను. అందరికన్నా మీ బరువే ఎక్కువ."

"ప్రేమా?"

"నొప్పి. ఆ తెగిన చెయ్యి కనబడగానే మొదలవుతుంది. మీరు వేరే దారిన వెళ్లిన రోజుల్లో ఉండదు."

యాకోబు గొంతు తగ్గించాడు. "మీరు ఊఁ అనండి, తీగ పీకేస్తాను. చెడిపోయిందని చెబుదాం."



"వద్దు. దీని మీద నమ్మకం పోతే ఊళ్లో మళ్లీ రాళ్లు లేస్తాయి," అంది విశారద.

కారణం బాగానే ఉంది. అలాంటి కారణాలు మనిషికి ఎప్పుడు దొరుకుతాయో ఆమె ఎన్నోసార్లు పాఠం చెప్పింది.

షిఫ్టు మారే వేళకు రెండు మరమనుషులు కూడలిలోకి వచ్చాయి. సముద్రమ్మ ముఖం విప్పారింది. పక్కకు జరిగి దారిచ్చింది. అవి ఆమె వైపే తిరిగాయి.

"ఇటు కాదురా అయ్యా! అటు, అటు! బొమ్మ అటుంది!"

ఆమెను ఎంతో మెత్తగా, పగలకూడని వస్తువును ఎత్తినట్టు ఎత్తాయి. అట్టలు పట్టుకున్నవాళ్లు తలలు దించుకున్నారు.

"విశారదా! నీ మరబొమ్మలు తప్పు చేస్తున్నాయే! చెప్పవే వీటికి!"

గుంపు చివర నిలబడ్డ విశారద నోరు విప్పలేదు. మరమనుషులు సొరంగం మలుపు తిరిగేదాకా సముద్రమ్మ కేక వినిపించింది. పాత జెండాలు దాచే గిడ్డంగిలో గది సిద్ధంగా ఉంది. పడక ఉంది, వేళకు అన్నం ఉంది. చూడ్డానికి మనుషులు మాత్రం ఉండరు.

"పాపం," అన్నారెవరో. వెంటనే మరెవరో నీళ్ల రేషను సంగతి ఎత్తారు. మాటలు జోరందుకున్నాయి. విశారద తల దించకుండా కూడలి మధ్యలోంచి నడిచి భోజనశాలకు వెళ్లింది.

"ముఖం తేటగా ఉందమ్మా ఇవాళ. ఏమిటి విశేషం?" అన్నాడు వడ్డించేవాడు.

"ఏం లేదు," అంది విశారద. ఆకలి దంచేస్తోంది. మారు వడ్డించమంది.