తలకిందుల గది

మా మామయ్య గడియారాలు బాగుచేసేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఒకరోజు "వేళ్ళకి ఏదో ఒక పని చెప్పండి" అంది. సరే కదా అని నా పాత ట్యాబ్ ఆయన ఎడమచేతిలో పెట్టి, నేనాడే మృగాల ఆట నేర్పించాను. ఆయన విషయంలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఆరు మృగాలతో ఒక జట్టు కట్టుకోవాలి. ఎదుటివాడి జట్టుతో వంతులవారీగా కొట్లాడాలి. ప్రతి మృగానికీ బలం, వేగం అని పుట్టుకతోనే కొన్ని లెక్కలుంటాయి. వేగం ఉన్నది ముందు కొడుతుంది, అంతే. అందుకని పోటీలకి వెళ్ళేవాళ్ళు గుడ్ల మీద గుడ్లు పొదిగించి, కోరుకున్న వేగంతో ఒక్కటి పుట్టేదాకా మిగతావాటిని అడవిలోకి వదిలేస్తూ ఉంటారు. నేను కళ్ళద్దాలు తయారుచేసే దుకాణంలో పనిచేస్తాను. పగలంతా అద్దాలు అరగదీయడం, సాయంత్రం ఇంటికొచ్చి గుడ్లు పొదగడం. "ఇంట్లో కోడి లేదన్న లోటు వీడు తీర్చాడు" అనేది అత్త.

మామయ్య మాత్రం ఒక్కదాన్నీ వదిలేవాడు కాదు. "పుట్టీపుట్టగానే పనికిరావని వెళ్ళగొడతావా? పాపం తగుల్తుందిరా అల్లుడూ" అనేవాడు. ప్రతిదానికీ పేరు పెట్టేవాడు. ఆయన దగ్గర ఒక రాతిమృగం ఉండేది. బండంత ఒళ్ళు, నత్తని మించిన నడక. దానికి 'బావగారు' అని పేరు పెట్టాడు. బావగారంటే మా నాన్న.

"కూర్చున్నచోటినుంచి కదలడు, కదిలితే ఎవడూ ఆపలేడు. అచ్చం మీ నాన్నే" అని మూతి వంకర్లు పోతుండగా నవ్వేవాడు.

ఆ బావగారిని చూసి నేనూ నవ్వాను. కానీ ఆటలో 'తలకిందుల గది' అని ఒక విద్య ఉంది. అది వేస్తే ఐదు వంతులపాటు లెక్క తిరగబడుతుంది. నిదానం ఉన్నది ముందు కొడుతుంది, వేగం ఉన్నది చివరికి మిగులుతుంది. నేనెప్పుడూ పట్టించుకోని ఆ విద్యని మామయ్య పట్టుకున్నాడు. దాని చుట్టూ జట్టు మొత్తం ఆయనే అల్లాడు. ఎవరు గది తిప్పాలి, ఎవరు దెబ్బ కాచుకోవాలి, బావగారు ఎప్పుడు దిగాలి, అన్నీ. ఎంత సంబరపడ్డాడో చెప్పలేను.

"లోకంలో ఎక్కడైనా ఇలాంటి గది అద్దెకి దొరికితే చెప్పరా" అన్నాడు ఒకసారి, కాలు ఈడ్చుకుంటూ. "నేను దిగిపోతాను."

ఆ జట్టుతోనే నేను పోటీకి పేరిచ్చాను. బావగారిని మామయ్య నా ఆటలోకి పంపించాడు. వేరేవాళ్ళు పెంచిన మృగం ఒక్కోసారి మాట వినదు, చెప్పింది మానేసి నిద్రపోతుంది. నా దగ్గర బావగారు నిద్రపోవడమే ఎక్కువ.

పోటీ ఆదివారం మధ్యాహ్నం. గెలిస్తే చివరి విడతలో చోటు. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు పట్టింది. అత్త వాళ్ళ చెల్లెలిని చూడ్డానికి గొడుగు తీసుకుని బయల్దేరింది. గుమ్మంలో ఆగి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఆయన పిలిస్తే వెంటనే వెళ్ళు నాన్నా. రెండోసారి పిలవడు. మొహమాటం మనిషి."

"నాకు తెలీదా అత్తా? నువ్వు వెళ్ళిరా."

నిజంగానే మామయ్య ఎప్పుడూ రెండోసారి పిలిచేవాడు కాదు. ఒకసారి పిలిచి, ఎవరూ రాకపోతే తనే లేవబోయేవాడు. అందుకే అత్త ఆయన గది తలుపుకి లోపలి గడియ పీకించేసింది, లోపల పడిపోతే తలుపు తీసేవాళ్ళుండరని.

నా గది వరండాకి ఆ చివర. గాలికి తలుపు కొట్టుకుంటుంటే గడియ పెట్టుకున్నాను. కిటికీ బయట మబ్బు మూసి, పట్టపగలే గదంతా మసకబారింది. ట్యాబ్ వెలుగు ఒక్కటే నా చేతుల మీద పడుతోంది. ఎదుటివాడు దొరికాడు. ఆట మొదలు కాబోతోంది.

"ఒరేయ్ అల్లుడూ..."

"వస్తున్నా మామయ్యా, ఒక్క నిమిషం!"

ఆటలో వంతుకి ఒక నిమిషమే ఇస్తారు. మధ్యలో లేస్తే ఓడిపోయినట్టే. మంచినీళ్ళకో, కిటికీ వేయమనో అయి ఉంటుందనుకున్నాను. మొదటి దెబ్బ ఎదుటివాడే కొట్టాడు.

"అల్లుడూ..."

రెండోసారి.

నా చెయ్యి ఆగింది. ఆగింది, అంతే. లేవలేదు. "ఒక్క నిమిషం మామయ్యా" అని మళ్ళీ అరిచి, హెడ్‌ఫోన్స్ తీసి చెవులకి తగిలించుకున్నాను. ఆ పని చేసింది నేనే. నా చేతులే.

అవి సర్దుకునేలోపు మూడో పిలుపు సగమే వినపడింది. "ఒరే..." అని. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

ఆట చెడిపోతూ వచ్చింది. ఎదుటివాడివన్నీ మెరుపులు. నా జట్టులో సగం పోయింది. వాన పెరిగింది కాబోలు, గది ఇంకా చీకటిపడింది. అప్పుడు వరండాలో చప్పుడు.

టక్... సర్ర్ర్. టక్... సర్ర్ర్.

చేతికర్ర, ఈడ్చే కాలు. నా గుండెల మీదనుంచి బరువు దిగిపోయింది. పోనీలే, తనే లేచి వచ్చేశాడు అనుకున్నాను. కాసేపటికి వెనకనుంచి కాళ్ళకి రాసుకునే తైలం వాసన, దానితోపాటు సన్నగా గడియారాల నూనె వాసన వచ్చాయి. దుకాణం మూసేశాక ఆ నూనె వాసన ఇంట్లో ఎప్పుడూ రాలేదు. అది తర్వాత తట్టింది నాకు.

నేను వెనక్కి తిరగలేదు. వంతు నడుస్తోంది మరి.

"కోప్పడకు మామయ్యా, అయిపోవచ్చింది" అన్నాను.

మెడ మీద ఊపిరి తగిలింది. తడిగా, చల్లగా.

"తొందరపడకు" అంది గొంతు, చెవి పక్కనే. "గది... తిప్పు."

తిప్పాను.

"ఇప్పుడు... బావగారిని దించు."

దించాను. నా దగ్గర ఎప్పుడూ నిద్రపోయే బావగారు ఆ రోజు ఒక్క వంతు కూడా తప్పలేదు. ఎదుటివాడి మెరుపులన్నీ తమ వంతు కోసం నిలబడి చూస్తుండగా, ఒక్కొక్కదాన్నే నేలకరిపించాడు. చివరి దెబ్బకి నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

"చూశావా మామయ్యా!"

వెనక ఎవరూ లేరు.

తలుపుకి గడియ పెట్టే ఉంది. నేను పెట్టిన గడియ, నేను పెట్టినట్టే. చెవుల మీద చెయ్యి వేసుకుంటే హెడ్‌ఫోన్స్ తగిలాయి. వాటిని పెట్టుకుంటే పక్కనే పిలిచినా సరిగా వినపడదు. మరి ఆ కర్ర చప్పుడు, ఆ గుసగుస...

పరుగెత్తాను.

మామయ్య మంచం మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. ఎడమచెయ్యి మంచం దిగువకి వేలాడుతోంది. చేతికర్ర గోడ మేకుకి తగిలించినది తగిలించినట్టే ఉంది. చెప్పులు మంచం కింద, అత్త సర్దిపెట్టిన వరసలోనే ఉన్నాయి. ఒళ్ళు అప్పటికే చల్లబడిపోయింది.

పక్కింటి డాక్టరు వెంటనే వచ్చి చూసి, ప్రాణం పోయి గంట పైనే అయిందన్నాడు. నా ఆట అరగంట కూడా పట్టలేదు. ఆట మొదట్లో పిలిచినవాడు గంట క్రితమే ఎలా పోతాడని అడుగుదామని నోరు తెరిచాను. అడిగితే పిలిచాడని ఒప్పుకోవాలి. నోరు మూసుకున్నాను.

అత్త తడి గొడుగు చేతిలో పట్టుకునే నిలబడింది. నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి.

"పిలిచాడా?" అంది.

"లేదత్తా. పిలవలేదు. నిద్రపోతున్నాడనుకున్నా."

ఆమె తలూపింది. నమ్మింది. నన్ను పెంచిన మనిషి, నా మాట నమ్మకుండా ఎలా ఉంటుంది?

జరగాల్సినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఇల్లు మా ఇద్దరికే మిగిలింది.

అప్పటినుంచి మొదలైంది. నీళ్ళ కోసం వంటింటివైపు నడుస్తానా, నాకంటే ముందే వంటింట్లో సర్ర్ర్ మని కాలు ఈడ్చిన చప్పుడు. బెదిరి గబగబా నా గదికి పోతానా, నా గదిలో టక్ మని కర్ర. పరుగెత్తి వీధి తలుపు దగ్గరికి పోతే గొళ్ళెం నేను ముట్టుకోకముందే కదిలేది. నేనెంత తొందరపడితే అది అంత ముందుండేది. నెమ్మదిగా నడిస్తే దగ్గరలో వినపడేది. ఒక సాయంత్రం భయంతో అడుగు పడక, కుడికాలు నేల మీదే ఈడ్చుకుంటూ వరండా దాటాను. ఆ ఒక్కసారే ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

లోకంలో ఎక్కడా దొరకని గది ఆయనకి మా ఇంట్లోనే దొరికింది. ఐదు వంతులతో పోయేది కాదది.

నేను కాలు ఈడుస్తూ నడవడం అలవాటు చేసుకున్నాను. దుకాణంలో మామూలుగా, ఇంట్లో కుంటుతూ. సిగ్గుగా ఉండేది. అంతకంటే, ఇది నాకు తగిన శాస్తేలే అనిపించి ఒకరకంగా హాయిగా కూడా ఉండేది. అత్త చూసేది.

ఈరోజు నాకు సెలవు. బయట మళ్ళీ అలాంటి ముసురే. మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. అత్త తన కంచంలో ఏమీ పెట్టుకోలేదు.

"మధ్యాహ్నాలు దుకాణం నుంచి ఇంటికి వస్తున్నావా?" అంది.

"లేదత్తా. సాయంత్రమేగా వచ్చేది. ఏం?"

"నీ గొంతు వినపడుతోంది."

ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"రోజూ, ఇదే వేళకి. 'ఒక్క నిమిషం మామయ్యా, వస్తున్నా' అంటావు. నీ గది తలుపు తీసి చూస్తే నువ్వుండవు."

ఇంక దాచలేకపోయాను. "అత్తా, ఆ రోజు..." అనేలోపే, వరండా అవతలనుంచి, మామయ్య గదిలోంచి, నా గొంతు నాకంటే ముందు పలికింది.

"లేదత్తా. పిలవలేదు. నిద్రపోతున్నాడనుకున్నా."

నా నోరు తెరిచే ఉంది. అందులో అన్నం ఉంది. మాట మాత్రం అక్కడినుంచి వచ్చింది.

అత్త ఆ గదివైపు తిరగలేదు. నన్నే చూస్తోంది.

"పిలిచాడత్తా" అన్నాను. ఏడుపొచ్చేసింది. "మూడుసార్లు పిలిచాడు. నేను వెళ్ళలేదు. ఆట ఆడుకుంటూ చెవులు మూసుకున్నాను."

"తెలుసు."

"ఎలా..."

"నీ గొంతొక్కటే వినపడుతుందని చెప్పానా నీకు?" అత్త గుసగుసగా అంది. "ముందు ఆయన పిలుస్తాడు. మూడుసార్లు. ఆయన పిలిచాకే నువ్వంటావు."

నేను కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. తిడుతుందేమో, కొడుతుందేమో అని చూశాను. కొట్టినా బాగుండేది. ఆమె నా ముందున్న నీళ్ళగ్లాసు పక్కకి జరిపింది, చెయ్యి తగిలి ఒలికిపోకుండా.

అప్పుడు వినపడింది.

"ఒరేయ్ అల్లుడూ..."

అదే గొంతు. వంకరపోయిన మూతితో, కూడబలుక్కుంటున్నట్టు.

అత్త లేవలేదు. "వెళ్ళు" అంది. "ఈసారైనా వెళ్ళు."

లేచాను. చెయ్యి కడుక్కోలేదు. కాలు ఈడ్చుకుంటూ పోదామన్న తెలివి కూడా రాలేదు. ఇన్నాళ్ళూ వెళ్ళని కాళ్ళు కదా, పరుగెత్తాయి. "వస్తున్నా మామయ్యా! వచ్చేస్తున్నా!" అని అరుస్తూ వరండా దాటాను.

"అల్లుడూ..."

తలుపు ఓరగా తెరిచి ఉంది. సందులోంచి మంచం దిగువకి వేలాడుతున్న ఎడమచెయ్యి కనపడింది. వేళ్ళు కదులుతున్నాయి. ఇంకొక్క అడుగు.

"ఒక్క నిమిషం మామయ్యా" అంది లోపలినుంచి నా గొంతు.

నా ముఖం మీదే తలుపు మూసుకుంది. రెండు చేతులతో తోశాను, భుజంతో గుద్దాను, కదల్లేదు. లోపల ఎవరో ఇనప గడియ నిదానంగా జరుపుతున్న చప్పుడు స్పష్టంగా వినపడింది. ఆ తలుపుకి గడియ లేదు.