యునైసి వేసిన రెండు గొట్టాలు

"కారుకి తలంటు పోశావా?" అంది మెకానిక్ యునైసి, వెనక చక్రం దగ్గర వాసన చూసి.

ఒస్నియెల్ మొహం మాడిపోయింది. బ్రేక్ ఆయిల్ దొరక్క షాంపూ పోశాడు. సాంతియాగో ఊళ్లో ఆ పని చెయ్యని టాక్సీ డ్రైవరెవరు?

"ఆగుతోందిగా!"

"ఆపుతోంది నీ అదృష్టం. బ్రేకు కాదు."

వాళ్ల పరిచయం అలా మొదలైంది. ఒస్నియెల్ వాళ్ల తాతగారి పాత షెవర్లే కారులో నాలుగు చక్రాలకీ ఒకటే బ్రేకు గొట్టం. ఎక్కడ కారినా అన్నీ పోతాయి. అప్పట్నుంచీ యునైసి దాన్ని పీకేసి, లాడా కారు బ్రేకు పంపు బిగించి, ముందుకీ వెనక్కీ వేరువేరు గొట్టాలు వేస్తోంది.

"కాస్త కుదురుగా కూర్చో. కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరగడం?"

ఎలా కూర్చుంటాడు? ఇవాళ్టితో పని అయిపోతుంది. రేపు ఏ వంకతో వస్తాడు? మనసులో మాట చెప్దామనుకున్నప్పుడల్లా ఆమె ముక్కుకి గ్రీజుతో కారు కింద నుంచి బయటికి వచ్చేది. అంతే, బ్రేకుల సంగతేదో అడిగేసేవాడు.

పొద్దుట్నుంచీ పడుతున్న వాన వెలిసింది. ఇంకాసేపు కురిస్తే దాని సొమ్మేం పోయింది!

"అయిపోయింది, పద" అంది యునైసి.

యునైసి వాళ్లింట్లో బ్రేకు పరీక్షకి ఒకటే పద్ధతి. రిటైరైన బస్సు డ్రైవరు ఎవెలియో, అంటే యునైసి నాన్న, వాలు వీధి చివర నడిమధ్యన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కూతురి పని మీద ఆయనకంత నమ్మకం.

"ముందు చక్రాల గొట్టం విప్పేశా. వెనక బ్రేకులతోనే ఆగాలి" అంటూ ఆమె పక్కన ఎక్కింది.

కారు తడి వాలులో జారింది. ఒస్నియెల్ తొక్కాడు. పెడల్ మెత్తగా కిందికి పోయింది. కుర్చీ దగ్గరవుతోంది.

"యునైసీ, పోతోంది!"

"ఇంకా తొక్కు!"

"నువ్వంటే నాకు ప్రాణం! రేపట్నుంచి నిన్ను చూడకుండా ఉండలేను..."

"ముందు తొక్కవయ్యా!"

పెడల్ పట్టింది. టైర్లు కీచుమన్నాయి. ఎవెలియో మోకాళ్లకి జానెడు దూరంలో కారు ఆగింది. ఆయన టోపీతో విసురుకుంటూనే ఉన్నాడు.

"ఇందాక ఏమన్నావు?" అంది యునైసి.

"ఏం లేదు. భయంలో ఏదో..."

"భయంలో అన్నవి నేను పట్టించుకోను. కారు ఆగిందిగా, ఇప్పుడు చెప్పు."

అతను పెడల్ మీద నుంచి కాలు తియ్యకుండానే చెప్పాడు. ఈసారి నిదానంగా, చివరిదాకా చెప్పాడు.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నాన్నా, కుర్చీ తీసెయ్. కాఫీ ముగ్గురికి పెట్టు!"