కంటిపాప సాక్ష్యం

కీచ్‌చ్...!

ఆసుపత్రి ముందు జీపు ఆగింది. డాక్టర్ చంద్రమౌళి కిటికీలోంచి తొంగిచూశాడు.

ఇవాళ నక్సలైట్ అన్నల బందు. కోరుట్లలో సోడాబండి కూడా కదల్లేదు. మిట్టమధ్యాహ్నం జీపు తీసేంత ధైర్యం ఎవడికుంది?

లావుపాటి మనిషి ఒకడు భుజాన మోసుకొచ్చిన వాణ్ని మంచం మీద పడేశాడు.

"నా పేరు బుచ్చన్న సారూ! గీడు మా తమ్ముడు. రుద్రంగిల పొలంల ఎవుసం చేస్తడు. పురుగుల మందు తాగిండు!"

గుప్పున వాసన. నర్సు సత్యవ్వ అప్పటికే విరుగుడుగా అట్రోపిన్ సూది నింపేసింది. పన్నెండేళ్ల సర్వీసు. నెలకోసారి తల్లిగారింటికి పోవడం తప్ప ఆమెకు వేరే లోకం లేదు.

చంద్రమౌళి రోగి కనురెప్ప ఎత్తాడు.

ఆగిపోయాడు!

పురుగుల మందైతే కంటిపాప గుండుసూది మొనంత కావాలి. నోట్లో నురగ రావాలి. ఒళ్లంతా చెమట పట్టాలి. ఇక్కడ పాప కన్నంతా నిండింది. నాలుక ఎండిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. వాసన చొక్కాకే ఉంది... నోట్లో లేదు!

ఉమ్మెత్త గింజలు!

అట్రోపిన్ చేసేదీ అదే పని. ఈ సూది వేస్తే విషం మీద విషం. చంపినవాడు డాక్టరే అవుతాడు!

"సోచాయిస్తరేంది సారూ? అట్రోపిన్ ఎయ్యుండ్రి!"

మందు పేరు వీడికెలా తెలుసు?

అంతలో రోగి చేతులు లేచాయి. కుడిచేయి గాల్లో తాడు గుంజుతోంది. ఎడమచేయి ముందుకూ వెనక్కూ ఆడుతోంది. కాళ్లు తొక్కుతున్నాయి. సిరిసిల్లలో చంద్రమౌళి తండ్రి నలభై ఏళ్లు చేసిన పని అది.

మగ్గం!

"ఎవుసం చేసెటోనికి మగ్గం ఎట్లచ్చింది?"

రోగి పెదాలు కదిలాయి. "సేటూ... పోగు తెగింది... సమ్మె ఆపం సేటూ..."

ఏ తమ్ముడైనా అన్నను సేటూ అంటాడా?

క్లిక్!

రివాల్వర్ చంద్రమౌళి కణతకు ఆనింది.

"నా మగ్గాలు బందు వెట్టిచ్చిందే గీడు. సూది ఎయ్యి. మందు తాగి సచ్చిండని రాసియ్యి!"

చంద్రమౌళి తలూపాడు.

"సరే... సత్యవ్వా, గా సూది సాలది. ఇంకోటి నింపు."

కళ్లూ కళ్లూ కలిశాయి. ఆమె చేయి అట్రోపిన్ దాటి నిద్రమందు దగ్గర ఆగింది. ఉమ్మెత్త పిచ్చికి కావలసింది అదే!

సూది దిగింది. చేతుల మగ్గం మెల్లగా నెమ్మదించి, ఆగింది. చంద్రమౌళి రోగి ముఖం మీదికి దుప్పటి లాగాడు. ఊపిరి కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"అయిపోయింది. అన్నవు గదా, గీడ సంతకం వెట్టు."

బుచ్చన్న నవ్వాడు. రివాల్వర్ బల్ల మీద పెట్టి పెన్ను అందుకున్నాడు.

దుప్పటి కింద కాలు... ఒక్కసారి మగ్గం తొక్కింది!

బుచ్చన్న చూశాడు. బల్ల మీదికి చేయి విసిరాడు.

రివాల్వర్ లేదు!

ధన్!

బుచ్చన్న కుప్పకూలాడు. రివాల్వర్ సత్యవ్వ రెండు చేతుల్లో ఉంది. ఆ చేతులు ఇసుమంతైనా వణకడం లేదు.

ఆమె తల్లిగారిల్లు ఏ అడవిలో ఉందో చంద్రమౌళికి ఇప్పుడర్థమైంది.

"సూస్కుంట నిలవడ్డరేంది సారూ? పైపు తెండ్రి! కడుపు కడగాలె... గీ మనిషి బతకాలె!"