పలక కింద మెత్తబడ్డ రాయి

“ఆగండి మాస్టారూ! నా భూమిని పాడుచేస్తున్నారు మీరు.”

జియాలజీ మేడమ్ అంత మాట అనేసరికి సైగల మాస్టారి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ముందు బెంచీలో వినికిడి లేని పిల్లలు ముగ్గురున్నారు. ఆవిడ పాఠాన్ని వాళ్ళకు సైగల్లో చెప్పడం అతని ఉద్యోగం. చేరిన మొదటిరోజే ఈ అక్షింతలు. బయట పొద్దున్నుంచీ ముసురు.

“నేనేం చేశానండీ?”

“భూమి పలక, అదే ప్లేటంటే పైనున్న క్రస్ట్ ఒక్కటే అన్నట్టు చూపించారు. క్రస్టూ, దాని కిందే అతుక్కుని గట్టిగా ఉండే మాంటిల్ పైభాగమూ, రెండూ కలిస్తేనే ప్లేటు.”

“మరి దాని కింద?”

“అక్కడా మాంటిలే. రాయే. కానీ వేడికి మెత్తబడి మెల్లగా సాగుతూ ఉంటుంది. దానిమీదే ప్లేట్లు కదులుతాయి, మన గోళ్ళు పెరిగినంత నెమ్మదిగా.”

అతను బోర్డు వైపు తిరిగి, “నా పెళ్ళి సంబంధాల కన్నా స్పీడేనండీ!” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

“అయినా సైగలు మీకెలా తెలుసు?” అని అతనడిగితే, ఆవిడ అటు తిరిగి బోర్డు తుడుచుకుంటూ పలకనైనా లేదు. ఎంత పొగరో అనుకున్నాడు.

ఆ వారంలోనే ఒకరోజు నెత్తిమీద పడ్డట్టు ఉరిమింది. ముందు బెంచీ తప్ప క్లాసంతా ఉలిక్కిపడింది. ఆవిడ మాత్రం భూమి నడుమ కరిగిన ఇనుము పొరను గీస్తూనే ఉంది. చేతిలో చాక్‌పీసు వణకనైనా లేదు.

అప్పుడర్థమైంది అతనికి.

క్యాంటీన్లో ఎదురుగా కూర్చుని అడిగాడు. “ఎప్పట్నుంచి మేడమ్, వినపడకపోవడం?”

ఆవిడ ముఖం పాలిపోయింది. “ఏ కాస్తో మిగిలింది, పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. అదీ పోతుందన్నారు. కాలేజీలో తెలిస్తే క్లాసులు తీసేస్తారు. జాలి పడాలనుంటే వేరే టేబుల్ చూసుకోండి.”

“జాలా? మొదటిరోజే నన్ను ఉతికి ఆరేశారు. మీమీద జాలిపడే ధైర్యం ఎవడికుందండీ?”

నవ్వబోయి, కళ్ళు దించుకుంది. “పుస్తకం చూసి సైగలు నేర్చుకుంటున్నాను. రావడం లేదు. రేపు నా గొంతు నాకే వినపడదు మాస్టారూ.”

ఆ సాయంత్రం నుంచే అతను వాళ్ళింటికి వెళ్ళి ఆవిడకీ, వాళ్ళమ్మకీ సైగలు నేర్పసాగాడు. వానాకాలం వెళ్ళకముందే ఆవిడ వినికిడి మొత్తం పోయింది. ప్రిన్సిపాల్‌కి తనే చెప్పింది. ఆయన నసిగి నసిగి, మాస్టారు పక్కనుంటాడన్న షరతు మీద ఒక్క క్లాసు మిగిల్చాడు. మిగతావన్నీ పోయాయి.

ఆరోజు సాయంత్రం ఇంట్లో ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, చప్పుడు లేని వానను చూస్తోంది. వెనక నిలబడ్డ అతనికి ఉండబట్టలేదు.

“మీరంటే నాకు ప్రాణం. ఎదురుగా చెప్పాలంటే భయం. మీరు కాదంటే ఈ సాయంత్రాలు కూడా నాకుండవు.”

“నాకు వినపడింది బాబూ.”

అతను గిరుక్కున తిరిగాడు. గుమ్మంలో వాళ్ళమ్మ.

“దానికి వినపడదు,” అందావిడ, చెంగుతో కళ్ళొత్తుకుంటూ. “అయినా వెనక నిలబడి చెప్పే మాటా అది? ముందుకెళ్ళి చెప్పు.”

వెళ్ళాడు. ఎదురుగా నిలబడి సైగల్లో చెప్పాడు. ఆవిడ చివరిదాకా చూసి, పకపకా నవ్వింది. ఆ నవ్వు తనకు వినపడలేదని తోచి భోరుమంది. ఏడుస్తూనే అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

వదిలితే కదా, అతను ఇంకో మాట చెప్పడానికి!